నాలుగు గంటలకే పొద్దుగుంకే ఊళ్ళకు

డిసెంబరు మాసంలో వియన్నా నగరాన సూర్యుడు నాలుగు గంటలకే అస్తమిస్తాడు. మన ఇళ్ళలో అది పగటినిద్ర నుంచి లేచిన పెద్దవారు టీ కోసం వంటింటి వైపు చూసే వేళ. అక్కడ మాత్రం అప్పటికే వీధిదీపాలు వెలిగి, ట్రాము కిటికీలు పసుపుపచ్చగా మెరుస్తూ, ఊరంతా రాత్రి వేషం కట్టేస్తుంది. మొదటిసారి శీతకాలంలో ఐరోపా చూడబోయే భారతీయ యాత్రికుడికి చలిని గురించి చెప్పేవారు వందమంది ఉంటారు. ఉన్నిబట్టలు, చేతితొడుగులు, దగ్గుమందులు అంటూ ఇరుగుపొరుగు వారిచ్చే జాబితాలకు అంతుండదు. చీకటిని గురించి చెప్పేవారు మాత్రం అరుదు. డబ్బు చాలకపోతే అప్పు పుడుతుంది. చలి ఎక్కువైతే మరో కోటు తొడుక్కోవచ్చు. చాలని పగటిని ఏ బజారులోనూ కొనలేము.

హనుమకొండలో ఒక దంపతులను ఊహించుకోవచ్చు. ఆయన ముప్ఫై ఏళ్ళు డిగ్రీ కళాశాలలో ఇంగ్లీషు సాహిత్యం బోధించి పదవీ విరమణ చేసిన అధ్యాపకులు. ఆవిడ ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో లెక్కల ఉపాధ్యాయిని. కూతురి పెళ్ళి, ఇంటి అప్పు పోగా మిగిలిన సొమ్ము పక్కన పెట్టి, జీవితంలో ఒక్కసారి పద్నాలుగు రోజులు ఐరోపా చూసి రావాలని ఇద్దరూ నిశ్చయించుకున్నారు. రెండోసారి వెళ్ళే స్తోమత లేదు. ఆవిడ మోకాళ్ళు మరో నాలుగేళ్ళ తరువాత ఈమాత్రమైనా సహకరిస్తాయన్న నమ్మకమూ లేదు. వేసవిలో వెళ్ళమని అందరూ అన్నారు. ఆయన ఒప్పుకోలేదు. నలభై డిగ్రీల ఎండలో, తిరగని పంకా కింద నిలబడి, డికెన్స్ రచనల్లోని మంచును ముప్ఫై తరాల విద్యార్థులకు వర్ణించి చెప్పిన మనిషి ఆయన. ఒక్కనాడూ మంచు కురియగా చూసి ఎరుగరు.

ఆయన వేసిన తొలి జాబితాలో ఎనిమిది నగరాలున్నాయి: లండన్, పారిస్, ఆమ్‌స్టర్‌డామ్, బెర్లిన్, ప్రాగ్, వియన్నా, వెనిస్, రోమ్. బయలుదేరడం డిసెంబరు 20న, తిరిగి రావడం జనవరి 2న. ఇలాంటి జాబితా ఆయనొక్కడిదే కాదు. ఐరోపా అనగానే మనలో నూటికి తొంభైమంది వేసుకునేది ఇదే. ఎలాగూ అంత దూరం పోతున్నాం, అన్నీ చూసి వద్దామన్నది దాని వెనుకనున్న తర్కం. కాశీకి పోయి గయను చూడకుండా రావడమేమిటనే పాత అలవాటు కాబోలు.

ఆవిడ ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి, కళ్ళద్దాలు సరిచేసుకున్నారు.

“ఏమండీ, ఇందులో పగలు మొత్తం ఎన్ని గంటలు?” అని అడిగారు.

పగటి పద్దు

ప్రశ్న వింతగా తోచినా, శీతకాలపు ఐరోపా యాత్రకు పునాది అదే. భూమి అక్షం ఇరవైమూడున్నర డిగ్రీలు వాలి ఉండడం చేత డిసెంబరులో ఉత్తరానికి పోయినకొద్దీ పగలు కుంచించుకుపోతుంది. డిసెంబరు 21న హైదరాబాదులో పగటి పొడవు సుమారు పదకొండు గంటలు. రోములో అది తొమ్మిది గంటలు, వియన్నాలో ఎనిమిది గంటల ఇరవై నిమిషాలు, ప్రాగ్‌లో ఎనిమిది, లండన్‌లో ఎనిమిదికి కొంచెం తక్కువ, స్టాక్‌హోమ్‌లో ఆరే. ఉన్న పగలైనా మన పగలు వంటిది కాదు. ఆనాడు మిట్టమధ్యాహ్నం హైదరాబాదులో సూర్యుడు దిగంతానికి 49 డిగ్రీల ఎత్తున నిలుస్తాడు. వియన్నాలో 18 డిగ్రీలు దాటడు. ఎత్తైన మేడలున్న ఇరుకు వీధుల్లోకి ఆ ఎండ దిగనే దిగదు. మబ్బు పట్టిన రోజున మధ్యాహ్నం రెండు గంటలకే సాయంకాలమైపోయిన భ్రాంతి కలుగుతుంది.

ఆవిడ లెక్క ఇలా సాగింది. పద్నాలుగు రోజుల్లో మొదటిదీ చివరిదీ విమానాలకు పోతాయి. మిగిలిన పన్నెండు రోజులు, రోజుకు ఎనిమిది గంటల చొప్పున, తొంభై ఆరు. ఎనిమిది ఊళ్ళంటే ఏడు మార్పులు. ఊరు మారడమంటే రైలులో కూర్చునే సమయం ఒక్కటే కాదు: గది ఖాళీ చేయడం, స్టేషనుకు చేరడం, వేచి ఉండడం, దిగిన ఊళ్ళో దారి వెతుక్కోవడం, కొత్త గది తాళం చేతికి రావడం. ఒక్కొక్క మార్పు తక్కువలో తక్కువ ఐదు పగటి గంటలు మింగుతుంది. అంటే ముప్ఫై ఐదు. మిగిలినవి అరవై ఒకటి. ఇక పండుగ ఉన్నది. డిసెంబరు 24 మధ్యాహ్నం నుంచి జర్మనీ, ఆస్ట్రియా, చెక్ దేశాలలో దుకాణాలు మూతపడతాయి. 25న లండన్‌లో రైళ్ళే నడవవు. ఒకటిన్నర రోజు, అంటే పన్నెండు గంటలు, కొట్టివేయాలి. చివరకు నిలిచింది నలభై తొమ్మిది.

“ఊరికి ఆరు గంటలు,” అన్నారావిడ. “జీవితమంతా కూడబెట్టిన డబ్బుకు.”

అదే జూన్ నెలలో అయితే వియన్నాలో పగలు పదహారు గంటలు. వేసవి యాత్రికుడు ఎనిమిది ఊళ్ళు తిరిగి ఏదో కొంత చూశాననిపించుకోగలడు. శీతకాలంలో ఆ పద్ధతి పనికిరాదు. ఊళ్ళు తగ్గించడం తప్ప మార్గాంతరం లేదు.

జాబితా తరుగుట

మొట్టమొదట రాలిపోయినది లండన్. సాహిత్యాధ్యాపకుడికి అది చిన్న నష్టం కాదు. కాని బ్రిటన్ షెంగెన్ దేశాల కూటమిలో లేదు. దానికి వేరే వీసా, వేరే రుసుము, వేరే నిరీక్షణ. రెండు రోజుల లండన్ కోసం రెండు దరఖాస్తులు మోయడం అవివేకం.

షెంగెన్ అనేది లక్సెంబర్గ్ దేశంలో మోసెల్ నది ఒడ్డునున్న చిన్న పల్లె. 1985 జూన్ 14న ఐదు దేశాల ప్రతినిధులు అక్కడ నదిలో ఒక పడవపై కూర్చుని, తమ మధ్య సరిహద్దు తనిఖీలు క్రమంగా ఎత్తివేయాలని సంతకాలు చేశారు. 2025 జనవరిలో బల్గేరియా, రుమేనియాలు పూర్తిగా చేరడంతో ఆ కూటమి ఇరవైతొమ్మిది దేశాలకు విస్తరించింది. ఒక్క వీసాతో వీటన్నిటిలోనూ తిరగవచ్చు గాని, ఆ వీసా ఎవరిని అడగాలన్నదగ్గరే చాలామంది తప్పటడుగు వేస్తారు. మొదట దిగే దేశాన్ని కాదు, ఎక్కువ రోజులుండే దేశాన్ని అడగాలి. అన్నిచోట్లా సమానంగా ఉంటేనే తొలి మజిలీ లెక్కకు వస్తుంది. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయవచ్చు. పదిహేను రోజులకన్న ఆలస్యం కారాదు. సాధారణంగా పదిహేను రోజుల్లో నిర్ణయం చెబుతారు. కొన్ని సందర్భాల్లో నలభై ఐదు రోజులు పట్టవచ్చు. 2024 జూన్ నుంచి పెద్దలకు రుసుము 90 యూరోలు. కనీసం 30,000 యూరోల వైద్యఖర్చులకు సరిపడే ప్రయాణ బీమా ఉండి తీరాలి. ఈ బీమాను కేవలం కాగితంగా చూసేవారు మంచు పేరుకున్న మెట్లమీద ఒకసారి కాలు జారిన తరువాత అభిప్రాయం మార్చుకుంటారు. 2025 అక్టోబరు నుంచి సరిహద్దుల వద్ద పాస్‌పోర్టుపై ముద్ర వేసే పాత పద్ధతి స్థానంలో వేలిముద్రలు, ముఖచిత్రం నమోదు చేసే కొత్త పద్ధతిని క్రమంగా ప్రవేశపెట్టారు. అందుచేత దిగిన విమానాశ్రయంలో మరో విమానం ఎక్కవలసినవారు మధ్యలో కొంత వ్యవధి ఎక్కువే ఉంచుకోవడం మంచిది.

లండన్ తరువాత ఆమ్‌స్టర్‌డామ్, బెర్లిన్ పోయాయి. పారిస్ విషయంలో ఒక రాత్రి వాదన జరిగింది. వియన్నా నుంచి పారిస్‌కు 2021 డిసెంబరులో రాత్రి రైలు పునఃప్రారంభమైనప్పుడు ఐరోపా పత్రికలు పండుగ చేసుకున్నాయి. శీతకాల యాత్రికుడికి రాత్రి రైలును మించిన మిత్రుడు లేడు. ఎలాగూ చీకటిగా ఉండే గంటల్లో అది ప్రయాణాన్ని ముగించి, తెల్లవారేసరికి మరో దేశంలో దింపుతుంది. కాని ఫ్రాన్సు ప్రభుత్వ సహాయం ఆగిపోవడంతో ఆ రైలు 2025 డిసెంబరులో నిలిచిపోయింది. పాత పుస్తకాలను, పాత మిత్రుల అనుభవాలను నమ్మి ప్రయాణం కట్టుకునేవారికి ఇదొక హెచ్చరిక. ఆ రైలు లేకపోతే పారిస్‌కు పగటి రైలులో ఒక రోజు పూర్తిగా పోతుంది. పారిస్ పోయింది. దానితో రోమ్ కూడా.

చివరికి నిలిచినవి మూడు నగరాలు: ప్రాగ్, వియన్నా, వెనిస్. మధ్యలో సాల్జ్‌బర్గ్. ఇవన్నీ ఒకే రైలుమార్గపు దండలో పూసల వంటివి. ప్రాగ్ నుంచి వియన్నాకు నాలుగు గంటలు. వియన్నా నుంచి సాల్జ్‌బర్గ్‌కు రెండున్నర గంటల లోపు. మొదటి ఊళ్ళో విమానం దిగి, చివరి ఊళ్ళో విమానమెక్కేలా టిక్కెట్టు తీసుకుంటే వెనుకకు తిరిగి రావలసిన పని ఉండదు. ప్రాగ్‌లో నాలుగు రాత్రులు, ఆస్ట్రియాలో ఏడు, వెనిస్‌లో రెండు. ప్రాగ్‌లో దిగినా దరఖాస్తు ఇవ్వవలసింది ఆస్ట్రియాకు.

తేదీలు కూడా మారాయి. డిసెంబరు 20న కాదు, ఆ నెల మొదటి తారీఖుల్లోనే బయలుదేరాలని నిర్ణయించుకున్నారు. క్రిస్మస్ ముందరి నాలుగు వారాలే మధ్య ఐరోపాకు అసలైన సందడి. డ్రెస్డెన్ నగరంలో 1434 నుంచి, స్ట్రాస్‌బర్గ్‌లో 1570 నుంచి సాగుతున్న క్రిస్మస్ సంతలు ఈ వారాలకు చెందినవే. పండుగ రాగానే న్యూరెంబర్గ్ వంటి చోట్ల సంత డేరాలు విప్పేస్తారు. పండుగనాడు చేరే విదేశీయుడికి మూసిన తలుపులే స్వాగతం చెబుతాయి. ముందే వెళితే వియన్నాలో జనవరి 1న జరిగే ప్రసిద్ధ నూతన సంవత్సర సంగీత సభ దక్కదన్నది నిజమే. మన బొంబాయికి చెందిన జుబిన్ మెహతా 1990 మొదలు 2015 వరకు ఐదు పర్యాయాలు సారథ్యం వహించిన సభ అది. అయితే దాని టిక్కెట్లు ఏడాది ముందే లాటరీలో పంచుతారు. పేరు రాకపోతే ఇంట్లో టెలివిజనులో చూడడమే. అందుకు హనుమకొండ చాలు.

డిసెంబరు ప్రయాణంలో మరొక చిక్కు ఉన్నది. ఐరోపా రైళ్ళ కాలపట్టిక ఏటా డిసెంబరు రెండవ శనివారం అర్ధరాత్రితో మారుతుంది. ఆ తేదీ తరువాతి రైళ్ళు కొంతకాలం అమ్మకానికి కనిపించవు. కనిపించలేదు గనుక రైలే లేదని బెంగపడి, ఎక్కువ డబ్బు పోసి విమానం కొనేవారున్నారు. ఓపిక పట్టడమే అక్కడ చేయవలసిన పని. ముందుగా కొన్న టిక్కెట్టు చౌక. వీసా రాకముందు తిరిగి ఇవ్వడానికి వీలులేని టిక్కెట్టు కొనడం దుస్సాహసం. ఈ రెంటి మధ్య సన్నని దారి వెతుక్కోవాలి.

అస్తమయం నుంచి కాలం లెక్కించిన గడియారం

ప్రాగ్ పాత నగరపు కూడలిలో, పురభవనం గోడకు, 1410లో అమర్చిన ఖగోళ గడియారం ఉన్నది. గంట గంటకూ దాని కిటికీల్లో అపోస్తలుల బొమ్మలు తిరుగుతాయి. జనం తలలెత్తి చూసి, ఫోటో తీసుకుని వెళ్ళిపోతారు. లెక్కల ఉపాధ్యాయినికి ఆ బొమ్మలకన్న బయటి వలయం మీద చెక్కిన పాతకాలపు అంకెలు ఎక్కువ విలువైనవి. అవి ప్రాచీన బొహీమియా కాలమానాన్ని చూపుతాయి. మన పంచాంగం సూర్యోదయం నుంచి ఘడియలు లెక్కపెడుతుంది. బొహీమియా వారు సూర్యాస్తమయం నుంచి లెక్కపెట్టారు. పొద్దుగుంకగానే వారికి ఇరవైనాలుగు గంటలు పూర్తి. అక్కడినుంచి కొత్త రోజు. అస్తమయవేళ ఋతువును బట్టి మారుతుంది గనుక ఆ వలయమే ఏడాది పొడవునా ముందుకూ వెనక్కూ జరుగుతూ ఉంటుంది. ముల్లు ఇరవైనాలుగుకు ఎంత దూరంలో ఉన్నదో చూస్తే ఆనాడు ఇంకా ఎంత వెలుగు మిగిలి ఉన్నదో తెలిసిపోతుంది. పగటి పద్దు రాసుకునే యాత్రికురాలికి ఇంతకన్న ఆప్తుడైన గడియారం మరెక్కడ దొరుకుతుంది?

వెలుగు అవసరమైన వాటిని వెలుగులో, అవసరం లేనివాటిని చీకట్లో చూడాలన్నది ఆవిడ వేసిన సూత్రం. వంతెనలు, కోటలు, నదీతీరాలు ఉదయం తొమ్మిది నుంచి మూడున్నర లోపల. చిత్రశాలలు, చర్చిలు ఆ తరువాత. సంతలు చీకటి పడ్డాకే అందంగా ఉంటాయి గనుక వాటి గురించి దిగులే లేదు. శీతకాలానికి ఒక అనుకూలమూ ఉన్నది. 1357లో శంకుస్థాపన జరిగిన చార్లెస్ వంతెన మీద సూర్యోదయం చూడాలంటే జూన్‌లో తెల్లవారుజామున నాలుగున్నరకు లేవాలి. డిసెంబరులో ఎనిమిదింటికి చాలు. కాఫీ తాగి, తీరికగా నడిచి వెళ్ళవచ్చు. కొండమీది కోటకు ఎక్కడానికి మోకాళ్ళు మొరాయిస్తే ఇరవైరెండవ నంబరు ట్రాము ఉన్నది. పైన దిగి, కోట చూసుకుంటూ కిందికి నడవడమే.

ఆ కోట ఆవరణలోని లాబ్‌కోవిట్జ్ భవనంలో ఒక చిత్రపటం ఉన్నది. జూన్ జూలై మాసాల పొలం, గడ్డి కోసే పనివారు, తలలమీద పళ్ళబుట్టలు. ఫ్లెమిష్ చిత్రకారుడు పీటర్ బ్రూగెల్ 1565లో ఆంట్‌వెర్ప్ వర్తకుడొకరి ఇంటి కోసం సంవత్సరంలోని ఋతువులను వరుసగా చిత్రించాడు. వాటిలో ఐదు మాత్రమే నిలిచి ఉన్నాయి. ఒకటి ఈ ప్రాగ్‌లో, ఒకటి న్యూయార్క్‌లో, మిగిలిన మూడు వియన్నాలోని కళాచరిత్ర మ్యూజియంలో. ఆ మూడింటిలోనే ఉన్నది ‘మంచులో వేటగాళ్ళు’. అలసిన వేటగాళ్ళు కుక్కలతో కొండ దిగుతుంటారు. కింద గడ్డకట్టిన చెరువులమీద పిల్లలు జారుడాటలాడుతుంటారు. చెట్లమీద నల్లని పక్షులు. ప్రాగ్‌లో వేసవిని చూసి, రైలెక్కి వియన్నాలో శీతకాలాన్ని చూడడం వారి ప్రణాళికలో తానుగా కుదిరిన ముచ్చట. గురువారం రాత్రి తొమ్మిది వరకు ఆ మ్యూజియం తెరిచి ఉంచే ఆనవాయితీ ఉన్నది. ఆ సాయంకాలాన్ని దానికే కేటాయించారు. సోమవారాలు మూసి ఉండే మ్యూజియంలు ఐరోపాలో అనేకం. పారిస్‌లోని లూవ్ర్‌కు మంగళవారం సెలవు. ఊరి పేరు పక్కన వారం పేరు రాయని ప్రణాళిక సగం ప్రణాళికే.

మంచు ఎక్కడ?

ఇక ఆయన మంచు సంగతి. ఇక్కడ ఒక చేదు నిజం చెప్పక తప్పదు. డిసెంబరులో ప్రాగ్‌కో వియన్నాకో వెళితే మంచు కురుస్తుందన్న భరోసా ఏమీ లేదు. చాలా రోజులు సన్నని వాన, తడి రాళ్ళు, బూడిదరంగు ఆకాశం. తెల్లని క్రిస్మస్ అన్నది ప్రపంచానికి సాహిత్యమూ చిత్రకళా అంటగట్టిన ఊహ. బ్రూగెల్ కుంచె పట్టిన కాలాన్ని చరిత్రకారులు లఘు హిమయుగమంటారు. డికెన్స్ 1812లో పుట్టాడు. ఆయన పసితనంలోని శీతకాలాలు ఎంత కఠినమైనవంటే, 1814లో లండన్ నగరంలో థేమ్స్ నది గడ్డకట్టి, దానిమీద తిరునాళ్ళు జరిగాయి. అదే ఆఖరు. మళ్ళీ ఆ నదిమీద అంగడి వెలియలేదు. 1843లో క్రిస్మస్ కథ రాసిన రచయిత తన బాల్యపు చలినే పుస్తకంలోకి తెచ్చుకున్నాడని విమర్శకులు చెబుతారు. ముప్ఫై ఏళ్ళు ఆ కథ చెప్పిన అధ్యాపకుడు ఈ సంగతి ఎరుగనివాడు కాదు. ఎరిగినా, ప్రయాణం కట్టుకునేటప్పుడు మరిచిపోయినట్టు నటించాడు, అంతే.

మంచు వచ్చేదాకా నగరంలో కూర్చోవడం కాక, మంచు ఉన్న ఎత్తుకు మనమే వెళ్ళడం తెలివైన పని. సాల్జ్‌బర్గ్ నుంచి దక్షిణంగా విల్లాక్ వైపు పోయే రైలు ఆల్ప్స్ పర్వతాల లోపలికి ఎక్కుతుంది. 1909లో పూర్తయిన టావెర్న్ రైలుమార్గమది. సుమారు గంటన్నరలో, సముద్రమట్టానికి వెయ్యి మీటర్ల ఎత్తున, బాద్ గాస్టైన్ అనే ఊరు వస్తుంది. నిట్టనిలువు కొండవాలుకు అతుక్కున్న పాత హోటళ్ళు, ఊరి నడుమనుంచే దూకే జలపాతం, వేడినీటి ఊటలు. భారతీయుడికి ఆ ఊరితో మరో సంబంధమున్నది. 1937 డిసెంబరులో సుభాష్ చంద్ర బోసు అక్కడ విడిది చేసి, తన ఆత్మకథను పది రోజుల్లో రాశాడు. అది అసంపూర్ణంగానే మిగిలింది. మరుసటి మాసాల్లో హరిపురా కాంగ్రెసు అధ్యక్షపదవి ఆయనకోసం ఎదురుచూస్తున్నది. వియన్నాలో చికిత్సకోసం 1933లో తొలిసారి వచ్చి, ఆ దేశంతో అనుబంధం పెంచుకున్న మనిషి ఆయన.

వెనిస్ పోవాలన్నా దారి అదే. కనుక సాల్జ్‌బర్గ్‌లో మూడవ రాత్రి తగ్గించి, ఒక రాత్రి బాద్ గాస్టైన్‌కు ఇచ్చారు. పర్వతాలమీద కూడా డిసెంబరు తొలివారాల్లో మంచు ఉండి తీరుతుందని ప్రమాణం చేయలేము; ఉండే అవకాశం మాత్రం వియన్నాకన్న చాలా ఎక్కువ.

సాల్జ్‌బర్గ్‌లో రెండు రాత్రులే మిగిలాయి. 1756లో మొజార్ట్ పుట్టిన ఇల్లు ఎలాగూ చూస్తారు. ఆవిడ అడిగినది మాత్రం ఒబెర్న్‌డార్ఫ్. ఊరి రైలులో అరగంట దూరం. 1818 డిసెంబరు 24 రాత్రి అక్కడి చర్చిలో యోజెఫ్ మోర్ అనే యువ పురోహితుడు రాసిన గీతానికి ఉపాధ్యాయుడు గ్రూబర్ స్వరం కట్టగా, ఇద్దరూ గిటారుతో పాడారు. ‘సైలెంట్ నైట్’ అని లోకమంతా ఎరిగిన పాట అది. వరదలకు దెబ్బతిన్న ఆ చర్చిని కూల్చివేశారు. దాని స్థానంలో 1937లో చిన్న మందిరం వెలసింది. ఆవిడ పనిచేసిన పాఠశాల వెనుకనున్న చర్చిలో ప్రతి డిసెంబరూ ఆ పాటను పిల్లలు తెలుగులో సాధన చేసేవారు. లెక్కల పీరియడులో కిటికీలోంచి వినిపించేది.

వెనిస్‌ను శీతకాలంలో చూడడం మీద రెండభిప్రాయాలున్నాయి. పొగమంచులో ఊరే కనిపించదంటారు కొందరు. ఆ పొగమంచు కోసమే వెళతారు మరికొందరు. శరత్తు నుంచి శీతకాలం వరకు సముద్రపు పోటు ఊళ్ళోకి రావడం అక్కడ పాత కథ. 1966 నవంబరు 4న నీటిమట్టం 194 సెంటీమీటర్లకు లేచింది. 2019 నవంబరు 12న 187. 2020 అక్టోబరు 3న మోజే అనే ఆనకట్ట, సముద్రముఖాన నిలిచే 78 ఇనుపకవాటాలతో, మొదటిసారిగా పోటును ఆపింది. అప్పటినుంచి యాత్రికులకు భయం చాలావరకు తగ్గింది. పగటి సందర్శకుల మీద 2024లో ప్రవేశపెట్టిన రుసుము కూడా వసంత గ్రీష్మాల్లోని కొన్ని రోజులకే పరిమితం గనుక డిసెంబరులో ఆ బెడద లేదు. మోకాళ్ళ నొప్పులున్నవారు అక్కడ జ్ఞాపకముంచుకోవలసింది ఒక్కటే: నాలుగు వందలకు పైగా వంతెనలున్న ఊరది, దాదాపు ప్రతి వంతెనకూ మెట్లుంటాయి. చౌకగా వచ్చిందని రేవుకు దూరంగా గది తీసుకుంటే, పెట్టె మోసుకుని ఎన్ని వంతెనలు ఎక్కి దిగాలో ముందే లెక్కపెట్టుకోవాలి.

పెట్టెలో ఏముండాలి

బట్టల విషయంలో ఒక్క మందపాటి కోటును నమ్ముకోవడం పొరపాటు. బయట సున్నా డిగ్రీలు. ట్రాములో, మ్యూజియంలో, భోజనశాలలో ఇరవైకి పైన. ఉల్లిపాయ పొరల్లా విప్పుకుంటూ, తొడుక్కుంటూ పోవాలి. శరీరానికి అంటుకునే లోపలి పొర, దానిమీద ఉన్ని, పైన గాలీ వానా చొరని కోటు. అన్నిటికన్న ముఖ్యం జారని అడుగున్న, నీరు దిగని బూట్లు. వాటిని ఇక్కడే కొని, నెలరోజులు ఊళ్ళో నడిచి అలవాటు చేసుకోవాలి. హనుమకొండ వీధుల్లో నవంబరు ఎండలో మంచుబూట్లు వేసుకుని నడిచే పెద్దమనిషిని చూసి నవ్వేవారు నవ్వుతారు; ప్రాగ్ రాళ్ళబాటమీద పాదం పొక్కితే నవ్వేవారు కూడా ఉండరు.

తిండి సంగతి ఎత్తగానే మనవారి పెట్టెలు బరువెక్కుతాయి. ఇక్కడ ఒక నిబంధన తెలుసుకోవాలి. పాలతోనూ మాంసంతోనూ చేసిన పదార్థాలను బయటి దేశాల నుంచి ప్రయాణికులు ఐరోపా సమాజంలోకి తీసుకురాకూడదు. పాలకోవా, నెయ్యి సీసా ఈ నిషేధం కిందికే వస్తాయి. శాకాహారులకు మరో జాగ్రత్త: వియన్నాలో కూరగాయల సూపు అని రాసి ఉన్నా, అది చాలాసార్లు గొడ్డుమాంసపు రసంతో కాచినదై ఉంటుంది, అడిగి తెలుసుకోవాలి. ప్రాగ్‌లో వేయించిన జున్ను, సంతల్లో కాల్చిన చెస్ట్‌నట్ కాయలు, బంగాళాదుంప అట్లు ఆకలి తీరుస్తాయి. అట్లలో గుడ్డు ఉండవచ్చు. సంతలో వేడి పానీయం కొంటే కప్పుకు కొంత సొమ్ము బయానాగా తీసుకుని, కప్పు తిరిగి ఇచ్చినప్పుడు ఇచ్చేస్తారు. మద్యం లేని పానీయం కావాలంటే పిల్లల పంచ్ అని అడగాలి. కొబ్బరినూనె సీసా మాత్రం తీసుకుపోయి ప్రయోజనం లేదు. ఇరవైనాలుగు డిగ్రీల లోపల అది గడ్డకట్టి, సీసాలోంచి బయటికి రాదు.

వీసా దరఖాస్తుకు జతపరచవలసిన ప్రయాణ వివరాలను ఆవిడ పెద్ద కాగితం మీద గళ్ళు గీసి రాశారు. ఒక గడిలో తేదీ, వారం. పక్కన ఊరు. తరువాత సూర్యోదయం, సూర్యాస్తమయం. చివరి గడిలో ఏ గంటకు ఏది చూడాలన్నది. ప్రాగ్ గళ్ళు నిండాయి. వియన్నా గళ్ళలో గురువారం సాయంత్రం కింద ఎర్రసిరాతో గీత. వెనిస్‌లో రేవు పేరు, గదికి నడక ఎన్ని నిమిషాలో. ఆయన కళ్ళజోడు పెట్టుకుని ఒక్కొక్కటీ చదువుతూ వచ్చి, బాద్ గాస్టైన్ దగ్గర ఆగారు. సూర్యోదయం ఉన్నది, అస్తమయం ఉన్నది. చివరి గడి ఖాళీ.

“ఇది మరిచిపోయావా?” అన్నారాయన.

“లేదండీ,” అన్నారావిడ. “ఆ రోజు మీది.”